తరాజు పైకి లేచింది

పోయిన వారం మనం సమ్మయ్యను మహబూబాబాద్‌లో రాజేందర్ సేటు బెల్లం దుకాణంలో, దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద తరాజు మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచి అక్కడే కూర్చున్నాడు. ఇక దింపుదాం.

ఎందుకు కూర్చున్నాడో మరిచిపోయినవాళ్లకూ, ఇవాళే పత్రిక చేతికొచ్చినవాళ్లకూ రెండు ముక్కలు చెబుతాను. సమ్మయ్య తల్లి సత్తమ్మకు తొలి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోసారి కడుపు పండినప్పుడు మేడారం సమ్మక్కకు మొక్కుకుంది, బిడ్డ దక్కితే జాతర జాతరకూ వాడి ఎత్తు బంగారం ఇచ్చుకుంటానని. బంగారమంటే బెల్లం. ఆ తల్లి గద్దె దగ్గర బెల్లాన్ని ఇంకో పేరుతో పిలవడానికి మా వైపు నాలుక ఒప్పదు. బిడ్డ దక్కాడు. ఆ సమ్మక్క తల్లి పేరే పెట్టుకుని సమ్మయ్య అయ్యాడు. దంతాలపల్లి నుంచి మహబూబాబాద్‌కు ఆటో నడుపుకునే నలభై దాటిన మనిషీ అయ్యాడు. రెండేళ్లకోసారి జాతర వస్తుంది, రెండేళ్లకోసారి వాడు తరాజెక్కుతాడు. పోయిన జాతరకు తూగినన్ని దిమ్మెలకు సత్తమ్మ ముందే ఇంకో దిమ్మె కలిపి అవతలి పళ్లెంలో పెట్టిస్తుంది. ఆమె అంచనా ఏనాడూ తప్పలేదు. కొడుకు కూర్చున్న పళ్లెం ప్రతిసారీ నేలకు దిగేది, చూసినవాళ్లు తల్లి చల్లగా చూసిందనేవాళ్లు, సత్తమ్మ కొంగు సర్దుకుని డబ్బులు, ఈమధ్య జాతరలకైతే ఆధార్ కార్డు కూడా, తీసేది. గుడుంబా సారా కాయడానికి పోతుందేమోనని బెల్లం కొనేవాళ్లను ఆధార్ అడుగుతారు కదా, మొక్కు బెల్లానికైనా అదే పద్ధతి.

ఈసారి కూడా అలాగే పెట్టించింది. రాజేందర్ ఆఖరి దిమ్మె పెట్టి చెయ్యి తీశాడు. అక్కడ ఆగాం.

తరాజు పైకి లేచింది.

మెల్లగా లేచిందనుకునేరు. బెల్లమున్న పళ్లెం ధడేల్మని నేలకు కొట్టుకుంది. సమ్మయ్య దూలం దాకా లేచి, రెండు గొలుసులు పట్టుకుని వేలాడాడు. అంత మనిషి అంత తేలిగ్గా లేవడం ఎవరి కళ్లకూ నమ్మబుద్ధి కాలేదు. బెల్లానికి వచ్చిన జనం వెనక్కి జరిగారు. బయ్యారం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నెత్తిమీది గంప దింపి, తల్లి ఎత్తుకున్నదని చెప్పి చేతులు జోడించింది. ఆ మాటతో ఇంకో నలుగురు జోడించారు. నిజం చెప్పొద్దూ, అక్కడుంటే నేనూ జోడించేవాణ్ణే.

అప్పుడు సమ్మయ్య ప్యాంటు జేబులోంచి ఏదో జారి సిమెంటు గచ్చు మీద ఠంగుమని పడింది.

పానా. ఆటో చక్రాల నట్లు విప్పే పెద్ద పానా. దాని వెనక ఇంకొకటి పడింది. రెండో జేబు కూడా అటూ ఇటూ ఊగుతూ ఉంది.

జోడించిన చేతులు విడిపోయాయి. సమ్మయ్య పైనుంచి ఆ పానాల వంక చూశాడు, తల్లి వంక మాత్రం చూడలేదు. అంటే సంగతి అర్థమైంది కదా. తను తగ్గిపోయాడని వాడికి ముందే తెలుసు. తరాజును మోసం చెయ్యడానికి జేబుల నిండా ఇనుము పోసుకొచ్చాడు. ఇనుముతో కలిపి తూచినా తేలిపోయాడు.

సత్తమ్మ వంగి పానా చేతిలోకి తీసుకుంది. ఆమె గొంతు చిన్నగా వచ్చింది.

"తల్లి బంగారంల ఇనుము కలిపినవా, కొడుకా?"

జవాబు రాకపోతే కోపానికి ఎవరో ఒకరు కావాలి, అత్తకు కోడలి కంటే దగ్గరగా ఎవరుంటారు? సత్తమ్మ పక్కనే ఉన్న సమ్మయ్య పెళ్లాం నీరజ వైపు తిరిగింది. ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా దుకాణంలో కుమ్మరించింది. బియ్యం ఇంట్లో మూలుగుతుంటే మగనికి జొన్న రొట్టె పడేస్తున్నావని, చాయలో చక్కెర వేస్తే చెయ్యి పట్టుకుంటావని, నా కొడుకును ఎండబెట్టి ఈ స్థితికి తెచ్చావని అంది. తనే లేకపోతే వాడు ఈ మాత్రం కూడా మిగిలేవాడు కాదంది. రోజూ కోడలు కూలికి పోయాక వాణ్ణి వంటింట్లో కూర్చోబెట్టి రొట్టెలో బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు, నెయ్యి వేసిన పరమాన్నం తానే తినిపిస్తున్నానని గొప్పగా చెప్పింది. జాతర వేళకు తరాజులో చిన్నబోకుండా కొడుకును మళ్లీ నిండు చెయ్యాలని ఆ తల్లి పట్టుదల. ఎంత పెడితే అంత తగ్గుతున్నాడు. తగ్గినకొద్దీ ఇంకా పెట్టింది.

నీరజ ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఆ అమ్మాయి సంగతి మనకు తెలుసు కదా, నోరు తెరిస్తే ఊరు కదులుతుందనే మూసుకుంటుంది. మొగుడి వంక ఒక్క చూపు చూసింది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని ఆ చూపులో ఉంది.

సమ్మయ్య కాలు ఒకటి పళ్లెం అంచు మీదుగా కిందికి వేలాడుతోంది. మొక్కు పట్టాక చెప్పులు మానేశాడు, ఉత్త కాళ్లతోనే బండి నడుపుతున్నాడు. ఆ పాదం మీద ఈగలు ముసురుతున్నాయి. బెల్లం దుకాణంలో ఈగల్ని ఎవరు పట్టించుకుంటారు?

"నీరజను అనకు, అవ్వ," అన్నాడు పైనుంచే. "నాకు షుగరున్నది. పోయినేడే చెప్పిన్రు."

జనగామకు పెళ్లివాళ్లను తీసుకుపోయినప్పుడు బస్టాండు ముందు ఎవరో క్యాంపు పెట్టారట. ఊరికే చూస్తారు కదా అని వేలు చాపాడు. సూది పొడిచి, రక్తం బొట్టు చూసి, నీకు చాలా ఎక్కువుంది, రేపే దవాఖానకు పో అన్నారు. పోయాడు. మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు వేసుకున్నాడు, నీరసం పోయింది, దాహం తగ్గింది. బాగైపోయాను కదా అనుకుని మానేశాడు. మాత్రలు ఒకసారి మొదలుపెడితే బతికినంత కాలం మింగాలని ఆటో స్టాండులో ఎవరో భయపెట్టారు కూడా. నీరజకు తెలిసింది చీటీ చూసి కాదు, రాత్రిళ్లు బిందె ఖాళీ అవుతుంటే నిలదీసి అడిగింది. అవ్వకు చెప్పొద్దని వాడు ఒట్టు వేయించుకున్నాడు. తీపి మానితే అవ్వకు తెలిసిపోతుంది, తెలిస్తే అవ్వ తట్టుకోదు, అందుకని వంటింట్లో కూర్చుని పెట్టిందల్లా తిన్నాడు. ప్రేమంటే ఇదేనని వాడి ఉద్దేశం. ఇటువంటి ప్రేమను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకునేవాళ్లలో సగం మంది ఇంట్లోవాళ్లు బాధపడతారనే తెచ్చుకుంటారు.

సత్తమ్మకు అందులో ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు. షుగరంటే తీపి. తీపి ఎక్కువైతే మనిషి లావు కావాలి కానీ ఎండిపోవడమేమిటి? ఇది రోగం కాదు, తల్లికి కోపం వచ్చింది, ఇచ్చిన బిడ్డను కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకుంటోంది. అలా అనుకోగానే ఆమె బస్తా మీద కూలబడింది.

ఇంతసేపూ గుమ్మంలో నిలబడి ఉన్నవాడు బీక్యా. అతను కొత్తవాడు కాదు, బయ్యారం దగ్గరి తండా రైతు. ప్రతి ఏడూ మిర్చి బస్తాలు సమ్మయ్య ఆటోలోనే మార్కెట్‌కు తెస్తాడు. అరవై దాటినా నడుం వంగలేదు. జాతరకు వీళ్లతో కలిసే వస్తానన్నాడు. బస్సులో భూపాలపల్లి దాకా పోయి, సమ్మయ్య చెల్లెలు సుజాత ఇంట్లో మజిలీ చేసి, అక్కడినుంచి మేడారానికి నడవాలని అనుకున్నారు. అందరూ చెప్పులు విడిచి నడుస్తారు, బీక్యా మాత్రం చెప్పులేసుకుని వస్తానన్నాడని పోయిన భాగంలో సత్తమ్మ అతణ్ణి ఎంత తిట్టిందో మీరు చదివారు.

బీక్యా లోపలికి వచ్చి రాజేందర్‌తో ఒకే మాట చెప్పాడు. తరాజు సరితూగేదాకా అవతలి బెల్లం ఒక్కొక్క దిమ్మె తీసి కింద పెట్టమన్నాడు.

రాజేందర్ తీశాడు. ఒకటి తీసినా తరాజు కదల్లేదు. ఇంకొకటి. ఇంకొకటి. ముల్లు కాస్త వణికి, పళ్లెం జానెడు దిగింది. సమ్మయ్య జేబులోని మిగతా ఇనుము కూడా తీసి నీరజకు ఇచ్చాడు, మళ్లీ పైకి లేచాడు, మళ్లీ దిమ్మెలు తీశారు. గచ్చు మీద బెల్లం కుప్ప పెరుగుతున్న కొద్దీ సమ్మయ్య మెల్లమెల్లగా కిందికి వచ్చాడు. ఆఖరికి రెండు పళ్లేలూ ఒక్క ఎత్తున నిలబడి, కొంచెంసేపు ఊగి ఆగాయి. ఒక పళ్లెంలో ఇప్పుడున్న సమ్మయ్య. ఇంకో పళ్లెంలో అంతే బెల్లం. కింద గచ్చు మీద ఇంకో కుప్ప.

బీక్యా ఆ కుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు. సత్తమ్మను అతను యాడీ అంటాడు, వాళ్ల భాషలో అమ్మ అని.

"యాడీ, గిదంత నీ కొడుకు ఒంట్లకెల్లి పోయింది," అన్నాడు.

సత్తమ్మ కుప్పను చూసింది. కొంచెంసేపు అలా చూసి, బస్తా మీదనుంచి దిగి, పాకినట్టుగా దాని దగ్గరికి వచ్చింది. ఒక్కో దిమ్మె మీదా చెయ్యి వేసింది. ఆమెకు చదువు రాదు, కానీ ఏ జాతరకు ఎంత బెల్లం తూగిందో ఇప్పుడే చూసినట్టు చెబుతుంది. కొడుకు ఎదుగుదల అంతా ఆమెకు బెల్లంలోనే గుర్తు.

"వీడు బడిల పడ్డ ఏడు," అంది, "జాతరకు గిన్నే తూగిండు. నిక్కరు జారిపోతాంటే పట్టుకొని కూసున్నడు. గంత పిలగాడు పోయిండు వీని ఒంట్లకెల్లి. నా ఇంట్లనే ఉండి, నా చేతులనే తిని పోయిండు. నేను చూడలే."

రాజేందర్ సేటు ఎన్నో జాతరలు తూచినవాడు, పెళ్లికొడుకుల్నీ నాయకుల్నీ తూచినవాడు, ఆ కుప్పను దాటి నడవడానికి మనసొప్పక గోడవారగా తిరిగి వెళ్లి నీళ్లు తెచ్చాడు. నాకు కూడా ఇక్కడ కలం ఆగింది. మనిషి లోపలినుంచి ఒక పసివాడంత మనిషి మాయమైపోవచ్చని, ఒక్క దెబ్బ తగలకుండా, ఒక్క చుక్క నెత్తురు కారకుండా పోవచ్చని తలచుకుంటేనే ఎట్లాగో అయింది.

సత్తమ్మ నీళ్లు తాగి అడిగింది. తాను పెట్టినదంతా ఎటు పోయింది? అంత బెల్లం, అంత నెయ్యి, అంత బియ్యం?

బీక్యా డాక్టరు కాదు. తనకు పదిహేనేళ్ల కింద ఈ జబ్బు వచ్చినప్పుడు తనకు అర్థమైన తీరులోనే చెప్పాడు.

"కాల్వ నిండ నీళ్లు పోతానయి, యాడీ. పొలానికి తూము మూసుకపోయింది. నువ్వు ఎన్ని నీళ్లిడిస్తే ఏం లాభం? కాల్వ పొంగుతది, మడి ఎండుతది. తీపంత వీని నెత్తురులనే తిరుగుతాంది, కండకు అందుతలేదు. ఆఖరుకు మూత్రంల పోతాంది. గందుకే రాత్రంత లేస్తాండు, బిందెలు తాగుతాండు."

సత్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని మణికట్టు దగ్గర నరాన్ని చూసింది. దాని కిందనే తాను పెట్టిన పరమాన్నమంతా పారుతోంది, అయినా బిడ్డ ఆకలితో ఎండుతున్నాడు. ఆమె మొహంలో కోపం లేదు, భయం కూడా తగ్గింది. గద్దె ముందు నిలబడ్డప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది ఆ నరాన్ని.

తర్వాత అడగవలసిన పెద్ద ప్రశ్న అడిగింది. తల్లికి తక్కువ బంగారం ఇస్తే మొక్కు తప్పినట్టు కాదా?

దానికి జవాబు బీక్యా చెప్పలేదు, ఇంతసేపూ నోరు మూసుకున్న నీరజ చెప్పింది.

"నువ్వు మొక్కింది ఆయన ఎంత తూగితె అంత అని గదా, అత్తమ్మ. పోయినసారి కంటె ఎక్కువ తూగాలని తల్లి అడగలే. ఆ ఒక్క దిమ్మె నువ్వు కలుపుకున్నదే."

సత్తమ్మ మనసులో లెక్క వేసుకుంది. నలభై ఏళ్లుగా పెట్టిస్తున్న దిమ్మె. తల్లి అడగలేదు, నిజమే. కొడుకు పెరగాలి, ఇంకా పెరగాలి అనేది తన ఆశ. ఆ ఆశ కోసమే వాడి పొట్ట పెరుగుతుంటే మురిసింది, చాయలో ఇంకో చెంచా వేసింది, ఆటోలో పొద్దంతా కూర్చునేవాడు ఇంటికొచ్చి మంచమెక్కితే కాళ్లొత్తింది. మూసుకున్న నోరు కొన్నిసార్లు దాచిపెట్టుకున్న కత్తి కంటే పదునుగా ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. జొన్న రొట్టె ఎట్లా చేస్తావే పిల్లా, నాకూ నేర్పు అని మాత్రం అంది. క్షమాపణ చెప్పడం సత్తమ్మకు రాదు, ఆ మాటనే క్షమాపణ అనుకోవాలి.

ఆ పైన బీక్యా కొంచెం చెప్పాడు, నీరజ కొంచెం చెప్పింది. తండాలో మోతీ, అంటే బీక్యా భార్య, అన్నం ఒక పూటకు తగ్గించి, జొన్న రొట్టె, ఆకుకూర, పప్పు పెడుతుందట. రొట్టె తిన్నంత మాత్రాన రోగం పారిపోదని, మాత్ర మాత్రం మానొద్దని అతను గట్టిగా చెప్పాడు. పొద్దున్నే చేను దాకా నడిచి వస్తాడట. మూడు నెలలకోసారి నెత్తురు చూపించుకుంటాడట. పదిహేనేళ్ల రోగమున్న మనిషి మిర్చి బస్తా ఎత్తి ఆటోలో వేస్తుంటే సత్తమ్మ కళ్లారా చూసిందే కదా. ఆ సంగతి తలచుకుని ఆశ్చర్యపోయింది. రోగమున్నా ఇలా బతకొచ్చన్నమాట. ఆమెకు అక్కడే కొంచెం ప్రాణం లేచి వచ్చింది.

ముందు దవాఖాన, తర్వాతే జాతర అని తీర్మానం అయింది. బెల్లం మేడారానికి బీక్యా, సుజాత పట్టుకెళ్తారు. సమ్మయ్య కోలుకుంటే చివరి రోజుకు వస్తాడు, రాకపోతే తల్లి అర్థం చేసుకుంటుంది. ఈ చివరి మాట సత్తమ్మే అనడం విని సమ్మయ్య గొలుసు వదిలి, మొహం మోచేత్తో తుడుచుకుని, తరాజు దిగడానికి కాలు కింద పెట్టబోయాడు.

"ఆగు," అంది సత్తమ్మ. "వట్టి కాళ్లతోని దిగకు."

బీక్యా తన చెప్పులు విప్పి ఇచ్చాడు. ఏ చెప్పుల కోసం అతణ్ణి తిట్టిందో ఆ చెప్పులనే సత్తమ్మ చేతులతో అందుకుంది. తల్లి నన్ను నడిచి రమ్మన్నది కానీ కాళ్లు పోగొట్టుకుని రమ్మనలేదు, షుగరు వచ్చినవాడికి అరికాలు చచ్చిపోతుంది, ముల్లు దిగినా తెలియదు అని చెప్పాడు బీక్యా. అందుకే రోజూ పడుకునేముందు అరికాళ్లు చూసుకుంటాడట. అరికాలు తనకు పూర్తిగా కనిపించదు కనుక, మోతీ తన పాత అద్దాల గాగ్రా లంగా నుంచి ఊడిన పెద్ద అద్దం ఒకటి ఇచ్చింది. దాన్ని నడుము సంచిలో పెట్టుకు తిరుగుతాడు.

సత్తమ్మ గచ్చు మీద కూర్చుని కొడుకు కాలు ఒళ్లోకి తీసుకుంది. చిన్నప్పుడు కడిగి తుడిచినట్టే కొంగుతో తుడవబోయింది. ఈగలు లేచాయి. ఆమె చెయ్యి ఆగిపోయింది. నీరజ వంగి చూసి, అత్త భుజం గట్టిగా పట్టుకుంది.

సమ్మయ్యకు పైనుంచి ఏమీ కనిపించడం లేదు. ఎందుకు ఆగారని అడిగాడు.

బీక్యా సంచిలోంచి అద్దం తీసి, తుడిచి, సమ్మయ్య అరికాలి కింద పట్టి, వాడికి కనిపించేలా మెల్లగా తిప్పాడు. బ్రేకు తొక్కే కాలు అది. మడమకు ముందు, వాచి నల్లబడిన చోట మధ్యలో, తుప్పు పట్టిన మేకు తల ఒకటి మెరవకుండా కూర్చుని ఉంది. అది దిగి ఎన్ని రోజులైందో దాని చుట్టూ ఉన్న చీము చెబుతోంది. ఆ కాలితోనే వాడు నిన్న దంతాలపల్లి నుంచి మనుషుల్ని తెచ్చాడు, మళ్లీ దింపాడు, ఇవాళ మెట్లెక్కి వచ్చి తరాజు మీద కూర్చున్నాడు.

సమ్మయ్య అద్దంలోకి చూశాడు. కాలు కదిపాడు. అద్దంలోని కాలు కదిలింది. నొప్పి లేదు.

"గది నా కాలేనా, అవ్వ?" అన్నాడు.